గంట దూరంలో పుట్టిల్లు

మా వంటింటి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు, అన్నీ దాని మీదే రాసుకుంటాను. కిందటేడు ఆగస్టు కాగితం మీద మూడు గడుల్లో "వైజాగ్" అని రాసి, మూడుసార్లూ కొట్టేసి ఉంది. నెల మారాక ఆ కాగితం చింపాను గానీ పారెయ్యలేదు. బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నాను. ఎందుకో చెప్తాను. అంతకంటే ముందు కొంచెం దూరాల లెక్క, కొంచెం పాత కథ చెప్పాలి.

నేను పుట్టింది విశాఖపట్నంలో. మెట్టింది విజయవాడలో. అమ్మావాళ్లు అక్కయ్యపాలెంలో ఉంటారు, మా ఇల్లు పటమటలో. మాకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి గాలిలో తిన్నగా కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. రైలు పట్టాల మీద విజయవాడ స్టేషన్ నుంచి వైజాగ్ స్టేషన్‌కి 350. గన్నవరం బెజవాడకి 20 కిలోమీటర్లు ఇవతలే ఉంది కాబట్టి తేడాలో కొంత అక్కడే పోతుంది. మిగతాది ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి అంటూ రైలు ఊరూరా పలకరించుకుంటూ వంకర తిరిగి పోవడం వల్ల వచ్చేది.

ఇలాంటి దూరాలకు తిప్పే చిన్న విమానాలు, రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్‌లు, గంటకు ఇంచుమించు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 290ని 500తో భాగిస్తే 35 నిమిషాలు రావాలి. కానీ టికెట్టు మీద గంట అనో, గంటా అయిదు నిమిషాలనో ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ మిగతా అరగంట ఎక్కడికి పోయిందా అనుకున్నాను.

తర్వాత తెలిసింది. విమానం ఆగి ఉన్నప్పుడు చక్రాలు దొర్లకుండా అడ్డంగా దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసిన దగ్గర్నుంచి అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా ప్రయాణకాలం కిందే లెక్క. అందుకే దాన్ని బ్లాక్ టైమ్ అంటారట. రన్‌వే దాకా మెల్లగా పాక్కుంటూ పోవడం, పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించుకుంటూ చుట్టు తిరిగి రావడం, అన్నీ అందులోనే. మూడు విజిళ్ల పప్పు అంటాం చూడండి, అలాగన్నమాట. కుక్కర్ వేడెక్కాలి, విజిళ్లు రావాలి, ఆవిరి దిగాలి. మూత తీసేసరికి అరగంట.

ఇక ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేస్తే? ఒకసారి నేను గ్యాస్ బిల్లు వెనకాల రాసి చూశాను. పటమట నుంచి గన్నవరానికి ముప్పావు గంట. అక్కడ గంటన్నర ముందు ఉండాలి. విమానంలో గంట. దిగి పెట్టె తీసుకునేసరికి ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి అక్కయ్యపాలెం అరగంట. మొత్తం నాలుగు గంటల పైన ఓ అయిదు నిమిషాలు. వందేభారత్‌లో విజయవాడ నుంచి వైజాగ్ దాదాపు నాలుగు గంటలు, ఇటూ అటూ ఆటోలు కలుపుకుంటే అయిదు. రత్నాచల్‌లో అయితే ఏడు. అంటే విమానం మిగిల్చేది గంటో, మూడు గంటలో. అయినా మనం "వైజాగా, గంటేగా" అనే అంటాం. ఆ "గంటేగా" అన్న మాట దగ్గరే నాకు దెబ్బ తగిలింది.

ఇదే దారి ఒకప్పుడు ఎన్ని రోజులు పట్టేదో మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడ పుట్టిల్లు గన్నవరం దగ్గర ఒక పల్లె. వాళ్ల నాయనమ్మ కాకినాడ వైపు నుంచి ఆ పల్లెకి కోడలిగా వచ్చిందట, అదీ పడవలో.

కాటన్ దొర హయాంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత మూడేళ్లకు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. కాలువలు పొలాలకి నీళ్ల కోసమే కాదు, ప్రయాణాలకీ దారి అయ్యాయి. బెజవాడ నుంచి ఏలూరు కాలువ పట్టుకుంటే గోదావరి కాలువల్లో కలవచ్చు. ఆ పడవల్ని రహదారి పడవలనేవాళ్లు. గాలి వాలు ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాక్కుంటూ నడిచేవాళ్లు. లాకుల దగ్గర ఇటూ అటూ నీటి మట్టం సమానమయ్యేదాకా పడవ ఆగేది. ఆగిన చోట ఆడవాళ్లు గట్టు దిగి మూడు రాళ్లు పెట్టి అన్నం వండేసేవాళ్లట. కాకినాడ దాటి ఇంకా ఉత్తరానికి, అనకాపల్లి, విశాఖ వైపు పోవాలంటే ఎక్కువగా ఎడ్లబండే.

ఆ నాయనమ్మ కాపరానికి వచ్చాక మళ్లీ పుట్టిల్లు చూసింది రెండేసార్లు. మొదటి కాన్పుకి ఒకసారి, వాళ్ల తమ్ముడి పెళ్లికి ఒకసారి. "పడవ రెండు మూడు రోజులేగా, మరి ఎందుకు వెళ్లలేదమ్మమ్మా?" అని నేనడిగితే, "పడవ ఉంది గానీ, తీసుకెళ్లేవాడేడీ?" అంది అమ్మమ్మ. చిన్నప్పుడు ఆ జవాబు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

తర్వాత రైలొచ్చింది. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పుతీరం రైలుమార్గం ముక్కలు ముక్కలుగా తెరిచారు. మధ్యలో గోదావరి అడ్డం. వంతెన కట్టేదాకా ఒక ఒడ్డున రైలు దిగి, నది దాటి, రెండో ఒడ్డున ఇంకో రైలెక్కాలి. 1897లో వంతెన పని మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారు. 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్లకు పైనే పొడవు. దాన్నే హేవలాక్ వంతెన అంటారు. దాదాపు వందేళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పటికీ రాజమండ్రి దగ్గర రైలు కొత్త వంతెన ఎక్కగానే పక్కన కనిపిస్తుంది. వంతెన మీదకు రాగానే ఆడవాళ్లంతా కిటికీల దగ్గర చేరి, కొంగు ముడి విప్పి పైసలు తీసి గోదారమ్మకి వేసి దణ్ణం పెట్టడం మీరూ చూసే ఉంటారు, వేసే ఉంటారు.

రోజుల ప్రయాణం ఒక్కసారిగా గంటల్లోకి వచ్చేసింది. మరి ఆడపిల్లలు పుట్టింటికి ఎక్కువసార్లు వెళ్లగలిగారా? మా అమ్మమ్మ కథ చెప్తాను, మీరే చూడండి.

ఆవిడకి పద్నాలుగో ఏట, 1940లో పెళ్లయింది. తాతయ్యది విశాఖపట్నం. 1933లో ఓడరేవు తెరిచాక అక్కడ పనులు పెరిగాయి, ఆయనకి గుమాస్తా ఉద్యోగం. కాపరానికి వెళ్లి పదిహేను నెలలైనా అమ్మమ్మని పుట్టింటికి పంపలేదు. అట్లతద్దికి పంపలేదు, సంక్రాంతికి పంపలేదు. అత్తగారికి నడుం నొప్పి, మరిది బడి, ఏదో ఒకటి. వాల్తేరు స్టేషన్‌లో రాత్రి బండెక్కితే పొద్దున్నకి బెజవాడ. అయినా పంపలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో రేవు వైపు పడ్డాయి. ఊరు ఊరంతా హడలిపోయింది. మూటాముల్లె కట్టుకుని, దొరికిన బండెక్కి పల్లెలకు పరుగు తీశారు జనం. ఆ రాత్రే అమ్మమ్మ అత్తగారు, "కోడల్ని వాళ్లమ్మ దగ్గరికి పంపెయ్యండి" అన్నారట. అమ్మమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ నవ్వేది. "జపానువాడు బాంబేస్తే గానీ నన్ను పుట్టింటికి పంపలేదే" అనేది. మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఇంకో చిత్రం ఏమిటంటే, యుద్ధం రోజుల్లో గన్నవరంలో సైన్యం విమానాల స్థావరం పెట్టింది. విశాఖపట్నంలోనూ, రాజమండ్రి పక్కన మధురపూడిలోనూ విమానాలు దిగే మైదానాలు తెల్లవాళ్ల కాలంలో తయారైనవే. విమానాలకి భయపడి ఒక ఊరు వదిలి వచ్చిన పదహారేళ్ల పిల్ల, పుట్టింటి పెరట్లో నిలబడి మళ్లీ విమానాల చప్పుడు వినేదట. చెవులు మూసుకుని వంటింట్లోకి పరిగెత్తేదాన్ని అని చెప్పేది. ఇవాళ నేను పెట్టె లాక్కుంటూ వెళ్లి విమానమెక్కే గన్నవరం, దిగే విశాఖ, రెండూ ఆవిడ భయపడ్డ చోట్లే.

యుద్ధమయ్యాక విమానాలు మామూలు జనం కోసం తిరగడం ఎక్కువైంది. మన తెలుగునేల మీద దానికి ముఖ్యమైన చోటు హైదరాబాద్ బేగంపేట. 1930ల్లో నిజాం కాలంలో అక్కడ ఏరో క్లబ్బు వచ్చింది. ఆ విమానాశ్రయాన్ని ప్రారంభించింది ఒక స్త్రీ, నిజాం పెద్దకోడలు దుర్రు షెహవార్. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. యుద్ధంలో వాడి వదిలేసిన డకోటా విమానాలతో హైదరాబాద్ నుంచి మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ తిప్పారు. 1953లో విమాన కంపెనీలన్నిటినీ ప్రభుత్వం తీసుకున్నప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఈ డెక్కన్ ఎయిర్‌వేస్‌ని నేను గుర్తుపెట్టుకోవడానికి కారణం ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ. 1947లో విమానం నడిపే కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంది. మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ఆవిడే. లైసెన్సు చేతిలో పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆడమనిషి నడిపితే జనం ఎక్కరన్నారు. చివరికి తీసుకుంది మన హైదరాబాద్ కంపెనీ. 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచింది కూడా. డకోటాని ఆకాశంలోకి లేపడానికి ఆవిడకి కావాల్సిన చదువూ, ధైర్యమూ ఉన్నాయి. అడ్డం పడింది ఆకాశం కాదు, ఎనిమిది ఆఫీసుల బల్లల వెనక కూర్చున్నవాళ్లు. పడవ ఉంది గానీ తీసుకెళ్లేవాడేడీ అన్న అమ్మమ్మ మాట నాకు ఆవిడ గురించి చదివాకే అర్థమైంది.

ఆ రోజుల్లోనే, 1951లో, అమ్మమ్మ వాళ్ల నాన్న పోయారు. టెలిగ్రామ్ వచ్చింది. తాతయ్య ఆఫీసు పని మీద కటక్ వెళ్లి ఉన్నారు. మామగారు పోయి అప్పటికే రెండేళ్లయింది. ఇద్దరు పసిపిల్లల్తో ఒంటరిగా రైలెక్కడానికి అత్తగారు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా టికెట్టు డబ్బులు ఎక్కడుంటాయో అమ్మమ్మకి తెలియదు. మూడో రోజు మరిది వచ్చి తీసుకెళ్లాడు. వెళ్లేసరికి వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి, నాన్న పడుకునే మంచం గోడకి నిలబెట్టి ఉంది. ఒక్క రాత్రి ప్రయాణం అది. ఆవిడకి మూడు రోజులు పట్టింది.

మా అమ్మ సంగతి ఇంకా విచిత్రం. అమ్మ పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ విశాఖపట్నంలోనే. పెళ్లయిన కొత్తలో నాన్నావాళ్ల ఇల్లు గాజువాకలో ఉండేది. అమ్మమ్మావాళ్లది వన్‌టౌన్. సిటీబస్సులో గంటలోపు. అయినా అమ్మ ఏడాదికి నాలుగుసార్ల కంటే ఎక్కువ వెళ్లిన గుర్తు లేదు నాకు. పండగలకి, పురుళ్లకి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే. మామూలు మంగళవారం నాడు, ఊరికే అమ్మని చూడాలనిపించి బస్సెక్కడం అనేది అమ్మ జీవితంలో లేదు. "ఊళ్లోనే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే" అనేవాళ్లు ఇంట్లో అందరూ. అమ్మ కూడా అదే అనేది.

మరి నేను? 1981లో విశాఖపట్నంలో పౌర విమానాలు మొదలయ్యాయి. రోజుకి ఒకే ఒక్క విమానం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్నకి రేవులో ఉద్యోగం, ఆదివారం సెలవు. స్కూటర్ ముందు నన్ను నిలబెట్టుకుని విమానం చూపించడానికి తీసుకెళ్లారు. కంచె దగ్గర నన్ను భుజం మీదకెత్తుకుని, "చూశావా తల్లీ, నువ్వు పెద్దయ్యాక దీంట్లో రావాలి నా దగ్గరికి" అన్నారు. నేను ఎక్కడికో వెళ్తాననీ, అక్కడి నుంచి తన దగ్గరికి రావాలనీ ఆయనకి అప్పుడే తెలుసు కాబోలు. ఆడపిల్లల తండ్రులు అలాగే ఆలోచిస్తారేమో.

1996లో నా పెళ్లయింది. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అంతకు రెండేళ్ల ముందే, 1994లో మొదలైంది. మా కోసమే వేశారని నాన్న అనేవారు. పొద్దున్నే విజయవాడలో బయల్దేరి మధ్యాహ్నానికి వైజాగ్ వచ్చేసేది. నేను ఒంటరిగా ప్రయాణం చేసిన మొదటి రైలు అదే. డబ్బులు నా పర్సులోనే ఉండేవి. ఎవరూ వద్దనలేదు. మా వారు స్టేషన్‌కి వచ్చి కిటికీలోంచి నీళ్ల సీసా అందించి వెళ్లేవారు. ఇంటికెళ్లి అమ్మమ్మతో చెప్తే, "ఒక్కదానివే వచ్చావా?" అని మూడుసార్లు అడిగింది.

2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాక చిన్న ఊళ్ల వాళ్లు కూడా విమానం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 2007లో విశాఖలో పెద్ద రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ వచ్చాయి. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ తెరిచారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరాయి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి, మన కడప నుంచి హైదరాబాద్‌కి ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకూడదని కొన్ని సీట్లకి హద్దు పెట్టారు. మా పక్కింటి కడప అమ్మాయి ఆ విమానంలో వాళ్లమ్మని చూసొచ్చి, నాకు కారంబూందీ పెట్టి మరీ ఆ కబురు చెప్పింది.

దూరం ఎంత దగ్గరైనా ఒక్కోసారి చేతికందదని 2014లో చూశాను. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, లోపల నీళ్లు. రైళ్లు ఆగిపోయాయి. సెల్ టవర్లు కూలిపోయాయి. అమ్మానాన్నా ఇద్దరే ఇంట్లో. ఫోన్ చేస్తే మోగను కూడా మోగదు. నేను మూడు రోజులు టీవీ ముందు కూర్చుని, చూపించే ప్రతి వీధిలో మా ఇంటి గేటు వెతుక్కున్నాను. నాలుగో రోజు ఎవరిదో ఫోన్‌లోంచి నాన్న మాట్లాడారు. "వేపచెట్టు పడిపోయింది తల్లీ, మేం బానే ఉన్నాం" అన్నారు. నేను ఏడుస్తుంటే, "చెట్టు కోసమా ఏడుస్తున్నావు?" అని నవ్వారు.

కొత్త టెర్మినల్ వచ్చిన ఏడాదికి అమ్మానాన్నలని మొదటిసారి విమానంలో మా ఇంటికి పిలిపించుకున్నాను. నాన్న కిటికీ పక్కన. అమ్మ చేతిలో రూపాయి బిళ్ల. ఎందుకంటే మధ్యలో గోదావరి వస్తుంది కదా! నది రానే వచ్చింది. పైనుంచి చూస్తే పల్చని వెండి పట్టీలా ఉందట, నాన్న చూపించేలోపే వెళ్లిపోయిందట. కిటికీ తెరుచుకోదు. అమ్మ ఆ బిళ్ల అలాగే పిడికిట్లో పట్టుకుని గన్నవరంలో దిగింది. "నువ్వు రైల్లో వచ్చినప్పుడు వెయ్యవే, బాకీ ఉండిపోయింది" అని నా చేతిలో పెట్టింది. నేను దాన్ని పర్సులో వెనక జేబులో వేసి మర్చిపోయాను.

ఇక కిందటేడు ఆగస్టు.

నేరు విమానాలు మా రెండు ఊళ్ల మధ్య వస్తుంటాయి, ఆగుతుంటాయి, వేళలు మారుతుంటాయి. 2024 అక్టోబరులో మళ్లీ కొత్తగా రెండు సర్వీసులు మొదలయ్యాయని పేపర్లో చూసి నేనెంత సంతోషపడ్డానో. వైజాగ్ రన్‌వే నేవీ వాళ్లది, ఐఎన్ఎస్ డేగాలో భాగం. వాళ్ల అవసరాలు చూసుకుని మిగతా వేళల్లో మన విమానాలు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, మనసులో మాత్రం ఆ విమానం ఎప్పుడు కావాలంటే అప్పుడు నా కోసం గన్నవరంలో నిలబడి ఉంటుందన్నట్టు ఉండేదాన్ని.

ఆగస్టు మొదటి వారంలో నాన్న ఫోన్ చేసి, "ఎప్పుడొస్తావు తల్లీ?" అన్నారు. "గంటేగా నాన్నా, శనివారం వచ్చేస్తా" అన్నాను. క్యాలెండర్‌లో రాశాను. శుక్రవారం అత్తయ్యకి కంటి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. కొట్టేశాను. రెండోసారి వరలక్ష్మీవ్రతం అయ్యాక అనుకున్నాను. వ్రతం అయ్యాక మా అబ్బాయికి జ్వరం. కొట్టేశాను. మూడోసారి అడిగినప్పుడు నాన్న, "ఏం పర్లేదులే, గంటేగా" అని నా మాటే నాకు చెప్పారు. ఆ మూడోసారి ఎందుకు కొట్టేశానో నాకు గుర్తే లేదు. ఏ కారణమూ లేదు. మా వారు అడ్డం చెప్పలేదు, అత్తయ్య అడ్డం చెప్పలేదు, డబ్బులకి ఇబ్బంది లేదు. నేనే రేపు, రేపు అనుకున్నాను.

గురువారం పొద్దున్న పది గంటలకి అమ్మ ఫోన్. నాన్న కుర్చీలోంచి లేవబోయి పడిపోయారు. నోరు పక్కకి పోయింది. పక్షవాతం.

ఫోన్‌లో విమానం వెతికాను. ఆ రోజుకి నేరు విమానం అప్పటికే వెళ్లిపోయింది. హైదరాబాద్ మీదుగా ఉన్నది ఏడు గంటలు చూపించింది. నాన్న భుజం మీద కూర్చుని చూసిన విమానం, ఆయన దగ్గరికి రావాల్సిన రోజున నాకు దొరకలేదు. దొరికిన రైలెక్కి, జనరల్ పెట్టెలో తలుపు దగ్గర నిలబడి వెళ్లాను. రాజమండ్రి దగ్గర వంతెన మీద ఎవరో పెద్దావిడ కొంగులోంచి పైసలు తీస్తుంటే అమ్మ బిళ్ల గుర్తొచ్చింది. పర్సు వెనక జేబులో అలాగే ఉంది. వేశాను. ఏమని మొక్కుకున్నానో చెప్పక్కర్లేదు.

నాన్న బతికారు. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. మాట పోయింది, ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటీ వస్తోంది. అన్నం, నీళ్లు, అమ్మ పేరు. నన్ను పిలవడానికి ప్రయత్నిస్తారు. "త" దగ్గర ఆగిపోతారు. ఆ మూడు ఫోన్లలో ఏదో చెప్పాలనుకున్నారేమో, ఊరికే చూడాలనిపించిందేమో. ఆ నెలంతా ఆయనకి మాట ఉంది. నాకు గంట దూరం ఉంది.

మా అమ్మమ్మకి వెళ్లాలని ఉంది, పంపేవాళ్లు లేరు. మా అమ్మకి ఊళ్లోనే పుట్టిల్లు ఉంది, ఊరికే వెళ్లే అలవాటు లేదు. నాకు రైలుంది, విమానం ఉంది, పర్సులో డబ్బుంది, వద్దనేవాళ్లు లేరు. ఆ అలవాటు ఒక్కటే అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. పుట్టింటికి వెళ్లడం మన పనుల జాబితాలో ఎప్పుడూ ఆఖరున ఉంటుంది. మిగతావన్నీ అయ్యాక, టైముంటే. దూరం తగ్గినకొద్దీ అది ఇంకా కిందకి జారుతుంది, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అని. పడవ రోజుల్లో ఆ నాయనమ్మ రెండుసార్లు వెళ్లిందంటే, ఆ రెండుసార్లకీ నెలల ముందు తేదీ అనుకుని ఉంటారు. నేను తేదీ అనుకోలేదు. గంట అనుకున్నాను.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు మీద కొత్త విమానాశ్రయం తలపెట్టారు. విశాఖ ఊళ్లోంచి నలభై కిలోమీటర్ల పైనే. పౌర విమానాలన్నీ అక్కడికి మారితే నా గ్యాస్ బిల్లు వెనకాల లెక్కలో అరగంట ఇంకో గంట అవుతుంది. అప్పుడు విజయవాడ వాళ్లకి రైలే నయమేమో. దాని గురించి ఇప్పుడు బెంగ లేదు నాకు. నెలకి రెండో శనివారం రత్నాచల్‌కి రెండు నెలల ముందే టికెట్టు తీసేస్తున్నాను. క్యాలెండర్‌లో పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాస్తున్నాను. ఆ రెండు రోజులు వంట ఎవరు చేస్తారో ఇంట్లో వాళ్లే చూసుకుంటున్నారు. మొదట్లో పప్పు మాడింది. ఇప్పుడు బానే వస్తోందట.

మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. చాలా రోజులైంది, ఎప్పుడొస్తావే అన్నాను. "వచ్చేస్తానమ్మా, గంటన్నరేగా" అంది.

"గంటలు వద్దు తల్లీ," అన్నాను, "తేదీ చెప్పు."